థెరపీ వారానికి ఒక్క గంటే దొరుకుతోంది, మిగతాది మేం ఇంట్లో చేయగలమా?

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఈమధ్యే ఆటిజం అని చెప్పారు. ఇంకా మాటలు రాలేదు, పిలిస్తే పలకడు, బొమ్మ కార్లు వరుసగా పేర్చుకుంటాడు, ఎవరైనా కదిపితే ఏడుస్తాడు. స్పీచ్ థెరపీ వారానికి ఒక్క గంటే దొరికింది. రోజుకు ఆరేడు గంటలు చేయించకపోతే వయసు దాటిపోతుందని ఎవరో భయపెట్టారు. మీరు ఉద్యోగం మానేయాలా అని ఆలోచిస్తున్నారు. ఈలోగా ఫ్లాష్ కార్డులు కొని కూర్చోబెడితే, వాటిని చూడగానే బాబు పారిపోతున్నాడు. ఇంట్లో మేమే చేయగలమా, ఎన్ని గంటలు చేయాలి, వీడికి మాటలు వస్తాయా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా చిన్నపిల్లల స్పీచ్ థెరపీలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం పిల్లలతో కన్నా వాళ్ల అమ్మానాన్నలతోనే పనిచేశాను. కాబట్టి మొదటి ప్రశ్నకు ధైర్యంగా చెప్తున్నాను: చేయగలరు. థెరపిస్ట్ దొరకనప్పుడు సర్దుకునే రెండో రకం వైద్యం కాదు ఇది. ఈ వయసు పిల్లలకు ఇదే అసలు పద్ధతి అనుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే ఇప్పుడు మీరు చేస్తున్నది మాత్రం అది కాదు. ఫ్లాష్ కార్డులు పక్కన పెట్టేయండి.

ఇంకో సంగతి. మీ ఉత్తరం మధ్యలో, "నేను ఫోన్ ఇచ్చినందుకేనా, సరిగ్గా మాట్లాడించనందుకేనా" అని ఒక వాక్యం రాశారు. ఆ బరువు మీరు మోయక్కర్లేదు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజాన్ని వివరించిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు, తల్లి ప్రేమ చూపకపోవడమే దీనికి కారణమని పెద్దపెద్ద నిపుణులే నమ్మారు. బ్రూనో బెటెల్‌హైమ్ లాంటివాళ్లు దాన్ని బాగా ప్రచారం చేశారు. ఎందరో తల్లులు ఆ నింద మోస్తూ బతికారు. తన కొడుక్కే ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్ 1964లో ఆ వాదాన్ని గట్టిగా ఖండిస్తూ పుస్తకం రాశాడు. 1970ల నుంచి కవలల మీద జరిగిన పరిశోధనలు ఇందులో జన్యువులది చాలా పెద్ద పాత్ర అని చూపించాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఏమన్నా సరే, బాబుకు ఆటిజం మీ పెంపకం వల్ల రాలేదు.

మరి తప్పు మాది కానప్పుడు థెరపీ మా చేత ఎందుకు చేయిస్తారని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మామూలుగా పిల్లలు ఏదైనా కావాలంటే వేలు చూపిస్తారు, మన ముఖంలోకి చూస్తారు, గొంతు చేస్తారు. మనం ఆలోచించకుండానే అందుకుంటాం. ఆటిజం ఉన్న పిల్లల సంకేతాలు చాలా చిన్నగా ఉంటాయి, ఆలస్యంగా వస్తాయి, మనం ఎదురుచూడని చోట వస్తాయి. కారు వైపు ఒక క్షణం చూసి మళ్లీ చూపు తిప్పేసుకోవడం, మీ చేయి పట్టుకుని మూత మీద పెట్టడం, ఆట ఆగిపోగానే ఒళ్లు కొంచెం ముందుకు వంచడం, ఇవన్నీ వాడి మాటలే. వీటిని పట్టుకోవాలంటే మామూలు తల్లిదండ్రులకు అవసరమైన దానికన్నా ఎక్కువ నేర్పు కావాలి. ఆ నేర్పు మీకు అందించడమే ఈ థెరపీ పని. మీలో ఏదో లోపం ఉందని దాన్ని సరిచేయడం కాదు.

దీనికి ఆధారం ఉందా అంటే ఉంది. ఎంత ఉందో అంతే చెప్తాను, ఎందుకంటే ఈ రంగంలో ఆశలు అమ్మేవాళ్లు ఎక్కువ. బ్రిటన్‌లో పాక్ట్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. రెండేళ్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లలు 152 మంది అందులో ఉన్నారు. సగం కుటుంబాలకు మామూలుగా దొరికే సేవలు, మిగతా సగానికి వాటితో పాటు ఈ శిక్షణ. థెరపిస్ట్ నేరుగా పిల్లవాడికి ఏమీ నేర్పదు. అమ్మో నాన్నో పిల్లవాడితో ఆడుతుంటే వీడియో తీసి, ఆ వీడియోను వాళ్లతో కలిసి చూస్తుంది. మొదటి ఆరు నెలలు రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలు నెలకోసారి. ఇంట్లో రోజుకు 20 నుంచి 30 నిమిషాలు సాధన. 2010లో మొదటి ఫలితాలు వచ్చినప్పుడు అమ్మానాన్నల స్పందన బాగా మారింది, పిల్లలు తామంతట తాము పలకరించడం పెరిగింది, కానీ ఆటిజం లక్షణాల్లో తేడా గట్టిగా చెప్పుకోదగ్గంత రాలేదు. చాలామంది నిరాశపడ్డారు. తర్వాత ఆ పిల్లల్లో 121 మందిని, శిక్షణ ముగిసిన ఐదారేళ్లకు, ఏ పిల్లవాడు ఏ గుంపులో ఉన్నాడో తెలియని నిపుణులు మళ్లీ పరీక్షించారు. 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో, తీవ్రమైన లక్షణాలు ఉన్నవాళ్లు శిక్షణ పొందిన గుంపులో 46 శాతం, రెండో గుంపులో 63 శాతం. శిక్షణ ఆగిపోయిన ఇన్నేళ్లకూ తేడా నిలబడటం ఈ రంగంలో చాలా అరుదు. ఎందుకు నిలబడిందో కూడా నాకు అర్థమైనట్టే అనిపిస్తుంది. థెరపిస్ట్ వెళ్లిపోయినా ఇంట్లో మాట్లాడే తీరు మారిపోయి ఉంది కదా.

అదే పరిశోధనలో భాష పరీక్షల మార్కుల్లోనూ, ఆందోళనలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది కూడా మీకు తెలియాలి. ఆ పద్ధతినే కొద్దిగా మార్చి గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో చేశారు. అక్కడ శిక్షణ ఇచ్చింది స్పెషలిస్టులు కాదు, తగిన తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు. అయినా అమ్మానాన్నల స్పందన మారింది, పిల్లలు వాళ్లంతట వాళ్లు పలకరించడం పెరిగింది. పెద్ద డిగ్రీలున్న థెరపిస్ట్ దగ్గర్లో లేకపోతే అంతా అయిపోయినట్టే అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్తుంటాను.

మరోవైపు, ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ అనే పేరున్న పద్ధతిని అమ్మానాన్నలకు వారానికి గంట చొప్పున 12 వారాలు నేర్పి చూసిన 2012 నాటి ప్రయోగంలో, మామూలు సేవలు పొందిన పిల్లలకూ వీళ్లకూ తేడా కనపడలేదు. అంటే మూడు నెలలు నేర్చుకుని అద్భుతం కోసం చూడటం సరికాదు. ఏడాది పట్టే పని అనుకుని మొదలుపెట్టండి.

ఇక గంటల సంగతి. వారానికి 40 గంటలు అనే అంకె ఎక్కువగా 1987లో ఓ.ఐవార్ లోవాస్ అనే అమెరికా సైకాలజిస్ట్ ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. అందులో అన్ని గంటల థెరపీ పొందిన పిల్లలు 19 మంది. ఆ అంకె అక్కడి నుంచి బయల్దేరి ఇన్నేళ్లుగా తల్లిదండ్రులను భయపెడుతూనే ఉంది. 2024లో 140కి పైగా పరిశోధనలను కలిపి చూసినప్పుడు, గంటలు పెంచితే ఫలితం కూడా పెరుగుతుందనడానికి బలమైన ఆధారం దొరకలేదు. కాబట్టి దయచేసి ఆరేడు గంటల టైమ్‌టేబుల్ వేసుకోకండి. రోజులో అరగంట, అదీ రెండు ముక్కలుగా, మీరు పూర్తిగా వాడితోనే ఉండండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. మిగతాదంతా స్నానం, బట్టలు మార్చడం, తినడం, నిద్ర లాంటి ఎలాగూ చేసే పనుల్లోనే కలిసిపోతుంది. దీనికోసం ఉద్యోగం మానేయాల్సిన పని లేదు. ఇంటి పరిస్థితిని బట్టి మీరు మానేయాలనుకుంటే అది వేరే విషయం, కానీ భయంతో మాత్రం వద్దు.

ఇప్పుడు ఆ అరగంటలో ఏం చేయాలో కాస్త వివరంగా చెప్తాను. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

మొదటి వారం ఏమీ నేర్పకండి. నేల మీద, వాడి ముఖం మీకు కనపడేలా ఎదురుగా లేదా కొంచెం పక్కగా కూర్చుని చూడండి. వాడు దేన్ని చూస్తున్నాడు, ఎంతసేపు చూస్తున్నాడు, కారు చక్రం తిప్పుతున్నాడా, వంగి పక్క నుంచి చూస్తున్నాడా, ఏ చప్పుడుకు ఆగుతున్నాడు? చాలామంది తల్లిదండ్రులు ఈ వారం అయ్యాక, మా వాడు ఇన్నిసార్లు నా వైపు చూస్తాడని నాకు తెలియదండీ అంటారు. ముందు కూడా వాడు చూస్తూనే ఉన్నాడు, కాకపోతే మనం ఆ సమయంలో ఇంకో బొమ్మ తేవడంలో ఉంటాం.

తర్వాత వాడి ఆటలోకి వెళ్లండి, మీ ఆటలోకి లాగకండి. కార్లు వరుసగా పెడుతున్నాడు కదా, దాన్ని చెడగొట్టి "ఇలా నడపాలి నాన్నా" అని చూపించడం మనకు సహజంగా వచ్చే పని. అది ఆపండి. మీరూ ఒక కారు తీసుకుని వాడి వరుస పక్కన ఇంకో వరుస మొదలుపెట్టండి. లేదా తర్వాతి కారు అందించే మనిషి మీరే అవ్వండి. ఒక్కొక్కటి అందిస్తుంటే రెండో రోజో పదో రోజో, మీరు అందించడం ఆపిన క్షణంలో వాడు చేయి చాపుతాడు, లేదా మీ చేతి వైపు చూస్తాడు. అంతవరకు మీరు గదిలో ఒక వస్తువు. ఆ క్షణం నుంచి మీరు ఆటలో భాగం. నిపుణులు ఉమ్మడి శ్రద్ధ అని పిలిచే నైపుణ్యానికి ఇదే తొలి మెట్టు. మీరూ వాడూ కలిసి ఒకే వస్తువును పట్టించుకోవడం, పట్టించుకుంటున్నామని ఇద్దరికీ తెలియడం. మాటలు ఈ నేల మీదే మొలకెత్తుతాయి. అందుకే మాటల కన్నా ముందు దీని గురించి ఇంత చెప్తున్నాను.

తర్వాతది ఆగడం. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మనం నిశ్శబ్దాన్ని భరించలేం. పిల్లవాడు మాట్లాడకపోతే ఆ ఖాళీని మనమే నింపేస్తాం. "ఇదేంటి? కారు. చెప్పు, కారు. అమ్మకు చెప్పు. ఏ రంగు? ఎర్ర రంగు. చూడు, ఇటు చూడు." ఇందులో వాడికి చోటెక్కడుంది? మీరు ఒక పని చేయండి, ఒక మాట అనండి, తర్వాత మనసులో నెమ్మదిగా పది వరకు లెక్కపెట్టండి. ముఖంలో ఎదురుచూపు ఉండాలి, నోటి నుంచి మాట రాకూడదు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు విన్నదాన్ని అర్థం చేసుకుని జవాబు కూడగట్టుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. వాడి జవాబు ఎనిమిదో సెకనులో వచ్చేలా ఉంటే, మూడో సెకనులోనే మనం ఇంకో ప్రశ్న వేసి దాన్ని చెరిపేస్తున్నాం.

మాట ఎలా ఉండాలంటే, వాడు ఆ క్షణంలో దేన్ని చూస్తున్నాడో దాని గురించి, వాడి నోట వస్తే ఎలా ఉంటుందో అలా ఉండాలి. కారు దొర్లితే "దొర్లింది". ఆగితే "ఆగింది". కింద పడితే "అయ్యో, పడింది". ఎత్తుకోమని చేతులు చాపితే "ఎత్తుకో". ఒక్క మాట, అప్పుడప్పుడు రెండు. వాడికి మాటలు లేవు కాబట్టి మీరు వాడి కన్నా ఒక మెట్టు మాత్రమే పైన ఉండండి. వాడు "ఊ" అని చేయి చాపితే "కారు" అనండి, కారు ఇచ్చేయండి. ఎప్పుడో "కారు" అంటే అప్పుడు మీరు "కారు ఇవ్వు" అనండి. వాడిచేత చెప్పించకండి, మీరు అని ఊరుకోండి. రంగుల పేర్లు, అంకెలు, ఏ బి సి డి ఇప్పుడు వద్దు. అవి చుట్టాల ముందు గొప్పగా ఉంటాయి కానీ "వద్దు", "ఇంకా", "రా", "అమ్మా" అనే మాటలు వాడి జీవితాన్ని మారుస్తాయి.

తర్వాత వాడు విన్న వాక్యాలను అలాగే తిరిగి చెప్పడం మొదలుపెట్టవచ్చు. దాహం వేస్తే "నీళ్లు కావాలా?" అంటాడు, ఎందుకంటే మీరు అలాగే అడుగుతారు. కంగారుపడకండి, సరిదిద్దకండి. ఇది అర్థం లేని వాగుడు కాదని, అందులో అడగడం, ఒప్పుకోవడం, తనను తాను సముదాయించుకోవడం ఉంటాయని బ్యారీ ప్రిజాంట్ లాంటి స్పీచ్ నిపుణులు 1980లలోనే చూపించారు. అలాంటప్పుడు వాడి వైపు నుంచి "నీళ్లు కావాలి" అనేసి నీళ్లు ఇవ్వండి. అందుకే పిల్లలతో ప్రశ్నలు తగ్గించి మాట్లాడమంటాను. మన ప్రశ్నలే వాళ్లకు వాక్యాలుగా మిగిలిపోతాయి.

బొమ్మలు లేని ఆటలు మర్చిపోకండి. దోబూచులాట, చక్కిలిగింతలు, దుప్పటిలో ఊపడం, ఎత్తి గిర్రున తిప్పడం. వీటిలో ఒక వరుస ఉంటుంది, వాడికి ముందేం జరుగుతుందో తెలుస్తుంది, అందులో మీ ముఖం తప్పనిసరి. నాలుగైదుసార్లు ఒకేలా ఆడి, తర్వాత సరిగ్గా చక్కిలిగింత పెట్టే ముందు చేతులు గాల్లో ఆపేయండి. వాడు నవ్వినా, కాళ్లు ఆడించినా, మీ చేయి లాక్కున్నా వెంటనే ఆట సాగించండి. ఆ కదలికతో అమ్మ చేత ఆట ఆడించగలిగానని వాడికి తెలియాలి. నాన్నలు ఈ ఆటల్లో మనకన్నా చాలా బాగా చేస్తారు. అందుకే బాబు నాన్నకు ఈ అరగంటలో సగం అప్పగించండి. అమ్మ ఒక్కతే మోసే థెరపీ ఎక్కువ కాలం నడవదు. నేను చూసిన ఇళ్లలో మధ్యలో ఆగిపోయినవి ఎక్కువగా ఇలాంటివే.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. "నన్ను చూడు, నన్ను చూడు" అని గడ్డం పట్టి ముఖం తిప్పకండి. కళ్లలోకి చూడటం చాలామందికి నిజంగానే ఇబ్బందిగా, కొన్నిసార్లు బాధగా ఉంటుందని ఆటిజం ఉన్న పెద్దవాళ్లే చెప్తున్నారు. వాళ్లు చెప్పేది నాకు ఏ పుస్తకం కన్నా ముఖ్యం. చేతులు ఆడించడం, గిర్రున తిరగడం ఆపించకండి. ఎవరికీ దెబ్బ తగలనంతవరకు అది వాడు తనను తాను కుదుటపరుచుకునే మార్గం. "మాట చెప్తేనే ఇస్తాను" అని ఇష్టమైన వస్తువును పైన పట్టుకుని నిలబడకండి. కొందరు థెరపిస్టులు ఇది చేయమంటారు, నేను ఒప్పుకోను. దాంతో ఒకటో రెండో మాటలు రావచ్చు, కానీ మాట్లాడటం అంటే ఏడుపు, పోట్లాట అని వాడికి ముద్ర పడిపోతుంది. వస్తువును మూత బిగించిన పారదర్శకమైన డబ్బాలో వాడికి కనపడేలా పెట్టి, మీ దగ్గరకు తెచ్చేవరకు ఆగడం వేరు. తెచ్చాడంటే అడిగినట్టే, వెంటనే తీసివ్వండి.

బాబే బొమ్మ కార్డు చూపించి కావాల్సింది అడగడం, సైగలు, టాబ్లెట్‌లో నొక్కితే మాట పలికే యాప్‌లు, వీటి గురించి భయపడ్డారు, అలవాటైతే నోటిమాట రాదేమోనని. దీని మీద జరిగిన పరిశోధనల్లో అలా ఆగిపోయిన దాఖలా లేదు. కొంతమంది పిల్లల్లో మాట కొంచెం పెరిగింది కూడా. నోరు తెరిచేవరకు ఆగమనడం వాడిని మూగగా ఉంచడమే. ఇప్పుడే మొదలుపెట్టమని మీ థెరపిస్ట్‌ను అడగండి. ఒక్క జాగ్రత్త: ఎవరో పెద్దవాళ్లు పిల్లవాడి చేయి పట్టుకుని అక్షరాల మీద నడిపించి, వాడే రాశాడని చెప్పే పద్ధతి ఒకటుంది. పరీక్షలు పెట్టినప్పుడు ఆ మాటలు చేయి పట్టుకున్నవాళ్లవేనని తేలింది. దాని జోలికి వెళ్లకండి. ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే గందరగోళం అవుతుందన్న భయం కూడా వదిలేయండి. మీ మనసుకు దగ్గరైన భాషలో మాట్లాడండి. ఎవరో చెప్పారని ఇంగ్లీషుకు మారితే మీ గొంతులోని సహజత్వం పోతుంది. ఇక్కడ మనకు కావాల్సింది అదే.

వీడియో గురించి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో మీకు మీరే నేర్చుకోవడానికి ఉన్న మంచి సాధనం అది. వారానికోసారి పది నిమిషాల ఆటను ఫోన్ ఒక చోట ఆనించి తీయండి. రాత్రి బాబు పడుకున్నాక ఇద్దరూ కూర్చుని చూడండి. తప్పులు వెతకడానికి కాదు. ముందు బాగా కుదిరిన ఒక క్షణం వెతకండి, వాడు మీతో ఉన్న క్షణం. దానికి ముందు మీరేం చేశారు? ఎక్కువసార్లు జవాబు, ఏమీ చేయలేదు, ఆగాను అని వస్తుంది. రెండోసారి చూసేటప్పుడు మీ మాటల్లో ప్రశ్నలు, ఆజ్ఞలు ఎన్నో చూడండి. మూడోసారి శబ్దం తీసేసి వాడి చూపునే చూడండి. ఆట నడుస్తున్నప్పుడు తెలియని సంకేతాలు అప్పుడు తెలుస్తాయి. తనను తాను వీడియోలో చూసుకోవడం మొదట్లో ఎవరికైనా టెన్షన్‌గానే ఉంటుంది. రెండు మూడు వారాల్లో పోతుంది.

ఏడుపులు, తల కొట్టుకోవడం గురించి మీరు ఒక్క మాటే రాశారు. మాటలు రాని పిల్లవాడు ఉన్నట్టుండి మారితే ముందు నొప్పి కోసం వెతకండి. చెవి, పళ్లు, మలబద్ధకం, నిద్ర లేకపోవడం. వీటిని డాక్టర్ చూసి కాదన్న తర్వాతే ప్రవర్తన అనే మాట ఎత్తాలి. ఉధృతంగా ఏడుస్తున్నప్పుడు నేర్పడానికి ఏమీ లేదు. వెలుతురు, చప్పుడు, మాటలు తగ్గించి దగ్గర ఉండండి. ఇది పెద్ద సమస్యగా మారితే దానికోసం ప్రత్యేకంగా తల్లిదండ్రుల శిక్షణ ఉంది. 2015లో అమెరికాలో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలు 180 మందితో చేసిన ప్రయోగంలో, ఆటిజం గురించి సమాచారం మాత్రమే ఇచ్చిన కుటుంబాల కన్నా, 24 వారాల పాటు ఏం చేయాలో చేయించి చూపిన కుటుంబాల్లో చిరాకు, మొండితనం ఎక్కువగా తగ్గాయి. విని తెలుసుకోవడానికీ, పక్కన ఒకరుండి చేయించడానికీ అంత తేడా ఉంది.

మాటలు వస్తాయా అన్న ప్రశ్నకు రెండేళ్ల ఎనిమిది నెలల వయసులో ఎవరైనా కచ్చితంగా చెప్తే నమ్మకండి, వస్తాయన్నా రావన్నా. నాలుగేళ్ల వయసుకు కూడా రెండు మూడు మాటలు కలిపి వాక్యం చేయలేని 535 మంది పిల్లలను ఎనిమిదేళ్లు దాటాక చూసిన పరిశోధన 2013లో వచ్చింది. 70 శాతం మంది మాటలు కలిపి చెప్పగలుగుతున్నారు, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడుతున్నారు. అంటే మూడేళ్లకో ఐదేళ్లకో తలుపు మూసుకుపోతుందన్న మాట నిజం కాదు. మిగతా 30 శాతం కూడా నిజమే, వాళ్లూ మన పిల్లలే. అందుకే నోటిమాట ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోవద్దని, ఏదో ఒక దారిలో వాడు తన మనసు చెప్పగలగాలని పదేపదే చెప్తున్నాను.

పిలిస్తే పలకడం లేదని రాశారు, కానీ వినికిడి పరీక్ష చేయించినట్టు రాయలేదు. ఆటిజం అని తేలినా సరే ఆ పరీక్ష తప్పనిసరి. ఉన్న మాటలు పోవడం, క్షణాలపాటు స్తబ్దుగా చూస్తూ ఉండిపోవడం, ఫిట్స్ వచ్చినట్టు ఒళ్లు కొట్టుకోవడం లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. ఒంట్లోంచి లోహాలు తీసే చెలేషన్, ఆక్సిజన్ గదులు, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు, నోట్లో పోసే బ్లీచ్ ద్రావణాలు, ఇవి ఆటిజాన్ని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. వీటిలో కొన్ని ప్రాణం తీస్తాయి. 2005లో అమెరికాలో చెలేషన్ చేయిస్తుండగా ఒక ఐదేళ్ల బాబు చనిపోయాడు. ఎంత దగ్గరివాళ్లు చెప్పినా ఒప్పుకోకండి.

చివరగా ఆ వారానికి ఒక గంట. మీరు బయట కూర్చుని, థెరపిస్ట్ తలుపు వేసుకుని బాబుతో ఒంటరిగా పనిచేస్తుంటే ఆ గంట చాలావరకు వృథా. వచ్చే వారం వెళ్లినప్పుడు నేనూ లోపల ఉంటాను, బాబుతో నేను ఆడతాను, మీరు చూసి చెప్పండి అని అడగండి. ఇంట్లో తీసిన రెండు వీడియోలు తీసుకెళ్లండి, ఒకటి బాగా కుదిరింది, ఒకటి అస్సలు కుదరనిది. వచ్చేముందు, వచ్చే వారం వరకు నేను మార్చుకోవాల్సిన ఒకే ఒక్క విషయం చెప్పమనండి. పది చెప్తే ఒక్కటీ జరగదు. మంచి థెరపిస్ట్ దీనికి సంతోషంగా ఒప్పుకుంటుంది. తల్లిదండ్రులు లోపల ఉంటే పిల్లవాడు సహకరించడు అని ఎప్పటికీ ఒప్పుకోకపోతే ఇంకొకరిని వెతకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం తయారుచేసిన శిక్షణ ఒకటుంది, తొమ్మిది గ్రూప్ సెషన్లు, మూడుసార్లు ఇంటికి రావడం. దాన్ని ఇంటర్నెట్‌లో ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. ఈ లోపు మొదటి వారం చూడటం అయ్యాక, వాడు దేని దగ్గర ఎక్కువసేపు ఆగాడో, మీరు ఆగినప్పుడు ఏం చేశాడో రాసి పంపండి. ఏ ఆటతో మొదలుపెట్టాలో అది చూసి చెప్తాను.